డల్హౌసీ పుట్టిల్లు, అత్తారిల్లు: స్కాట్లండ్‌లో కొన్ని రోజులు

గవర్నర్ జనరల్ డల్హౌసీ అనగానే మన స్కూలు పుస్తకం రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటుంది: రాజ్యసంక్రమణ సిద్ధాంతం, రైళ్లు. ఆయన తల్లి ఎవరు, ఏ ఇంటి పిల్లను చేసుకున్నాడు, కూతుళ్లు ఎవరిళ్లకు వెళ్లారు అన్నది చెప్పదు. చెప్పి ఉంటే మన మద్రాసు ప్రెసిడెన్సీ కథ కూడా కొంత తేటపడేది. ఆయన మామగారు మద్రాసు గవర్నరు. పెద్దల్లుడు మద్రాసు గవర్నరు. చిన్నల్లుడు బొంబాయి గవర్నరు. కన్నతండ్రి భారతదేశంలో సేనాధిపతి. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వెళ్లిన అర్జీలు కొన్ని దశాబ్దాలపాటు ఒక పెళ్లిపందిరి కింద చుట్టాలైనవాళ్ల బల్లల మీదికే చేరాయి.

ఆ చుట్టాల ఇళ్లు, ఉత్తరాన ఉన్న ఒక దాయాది ఇల్లు తప్ప, ఎడిన్‌బరోకి దక్షిణాన, తూర్పున, పాతిక మైళ్లలోపే ఉన్నాయి. కారు లేకుండా, రైలూ బస్సూ నడకతో చూసిరావచ్చు. మే నెల చివర వెళ్తే రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురు ఉంటుంది. ఎక్కడ ఏం చూడాలి, ఎక్కడ దారి తప్పుతుంది, ఎంత ఖర్చవుతుంది అన్నవి వచ్చిన వెంటనే రాసిపెట్టినవి ఇవి.

సోమవారం: ఎడిన్‌బరో, రిజిస్టర్ హౌస్

కోట కంటే ముందు కాగితాలు చూడటం మంచిది. ప్రిన్సెస్ స్ట్రీట్ తూర్పు కొసన, వేవర్లీ స్టేషన్ మెట్లెక్కి పైకి రాగానే ఎదురుగా గుర్రం మీద సేనాని వెల్లింగ్టన్ విగ్రహం. దాని వెనక రాబర్ట్ ఆడమ్ కట్టిన జనరల్ రిజిస్టర్ హౌస్. స్కాట్లండ్ జాతీయ పత్రాలు ఉండేది ఇక్కడే. డల్హౌసీ కుటుంబ పత్రాల సంఖ్య జీడీ 45. ఆ ఒక్క సంఖ్య చెబితే ఏ పెట్టె తెచ్చివ్వాలో వాళ్లకూ తెలియదు, ఎందుకంటే దాని కింద వందల ఏళ్ల భూమి దస్తావేజులు, కెనడా కాగితాలు, ఇండియా కాగితాలు అన్నీ ఉన్నాయి. కేటలాగులో వెతికి, గీతల తర్వాత వచ్చే ఉపసంఖ్యలతో సహా ముందే రాసిపంపాలి. గుర్తింపు కార్డు, చిరునామా రుజువు ఉంటే రీడర్ టికెట్ ఉచితం. లోపల పెన్ను పనికిరాదు, పెన్సిలే. కోటు, సంచి లాకరులో పెట్టాలి. గదిలో ఉండేవాళ్లు తగ్గు గొంతుతో, ఓపిగ్గా చెబుతారు. పాత చేతిరాతలో ఒక్క మాట దగ్గర ఆగిపోతే వచ్చి చదివిపెడతారు కూడా.

డల్హౌసీ చనిపోయేముందు తన సొంత కాగితాలు యాభై ఏళ్ల దాకా బయటపెట్టవద్దని కట్టడి చేశాడు. ఆయన పోయింది 1860 డిసెంబరు 19న. ఉత్తరాలు అచ్చయింది 1910లో, మనవరాలి భర్త చేతుల మీదుగా. 1857 తిరుగుబాటుకు నీ పాలనే కారణమని లండన్‌లో అందరూ వేలెత్తి చూపుతున్నా ఆయన బహిరంగంగా జవాబివ్వలేదు. అరవై ఏళ్ల మనిషి కాదు, పోయేనాటికి వయసు నలభై ఎనిమిది.

బయట ఉన్న వెల్లింగ్టన్ విగ్రహాన్ని కూడా ఈ కథలో భాగంగానే చూడాలి. డల్హౌసీ తండ్రి, తొమ్మిదో ఎర్ల్ (వంశపారంపర్య ప్రభు బిరుదు) జార్జ్ రామ్సే, స్పెయిన్ యుద్ధంలో వెల్లింగ్టన్ కింద ఏడో డివిజన్ నడిపాడు. మామగారు ట్వీడేల్ అదే యుద్ధంలో వెల్లింగ్టన్ సిబ్బందిలో పనిచేసి గాయపడ్డాడు. ట్వీడేల్ పెద్ద కూతురు సూజన్‌ను డల్హౌసీ చేసుకుంటే, ఇంకో కూతురు ఎలిజబెత్‌ను వెల్లింగ్టన్ పెద్ద కొడుకు చేసుకున్నాడు. అంటే డల్హౌసీ, రెండో వెల్లింగ్టన్ డ్యూక్ తోడల్లుళ్లు. ముప్పై అయిదేళ్ల మనిషిని గవర్నర్ జనరల్‌గా పంపారంటే తెలివి ఒక్కటే చూసి పంపలేదు. తెలివి ఉంది, అది కాదనలేం. చుట్టరికం తలుపు తెరిచింది.

ఆకలేస్తే చుట్టుపక్కల హాగిస్ దొరకని హోటలు లేదు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా కొట్టి, ఓట్స్, కొవ్వు, ఉల్లి, మిరియాలతో ఉడికిస్తారు. పక్కన టర్నిప్ ముద్ద, బంగాళాదుంప ముద్ద. పప్పులు, ఓట్స్‌తో చేసిన శాకాహార హాగిస్ కూడా దాదాపు ప్రతిచోటా ఉంటుంది, మిరియం ఘాటు దానిలోనే ఎక్కువ. పన్నెండు నుంచి పదిహేడు పౌండ్లు. చేపల దుకాణంలో చేప, చిప్స్ కట్టిస్తే పది పన్నెండు పౌండ్లు. అక్కడ "సాల్ట్ అండ్ సాస్?" అని అడుగుతారు. ఈ ఊళ్లో సాస్ అంటే వెనిగర్ కలిపిన పల్చని గోధుమరంగు సాస్. వద్దంటే ముందే వద్దనాలి, క్షణంలో మొత్తం తడిపేస్తారు.

నోట్ల గురించి ఒక మాట. ఇక్కడ మూడు బ్యాంకులు సొంతంగా పౌండు నోట్లు అచ్చేస్తాయి. స్కాట్లండ్‌లో ఎక్కడైనా చెల్లుతాయి గాని లండన్‌లో చిన్న దుకాణాలవాళ్లు తటపటాయిస్తారు. వెళ్లేలోపు ఇక్కడే ఖర్చుపెట్టేయాలి.

మంగళవారం: న్యూటన్‌గ్రేంజ్, డల్హౌసీ కోట, కాక్‌పెన్

వేవర్లీ నుంచి బోర్డర్స్ రైలు. 1969లో మూసేసిన పాత మార్గంలో కొంత భాగాన్ని 2015లో మళ్లీ తెరిచారు. న్యూటన్‌గ్రేంజ్‌కు అరగంటలోపే. స్టేషన్ పక్కనే లేడీ విక్టోరియా బొగ్గుగని, ఇప్పుడు జాతీయ గనుల మ్యూజియం. సమయం ఉంటే చూడాలి. ఈ చుట్టుపక్కల జమీందారుల సంపదకు పొలంతోపాటు బొగ్గు కూడా ఆధారమని అర్థమవుతుంది.

స్టేషన్ నుంచి కోట రెండు మైళ్ల లోపే. దారి తప్పేది రైలు దిగగానే. డల్హౌసీ పేరుతో ఈ ప్రాంతంలో రోడ్లు, కాలనీలు చాలా ఉన్నాయి, ఫోనులో పేరు కొడితే ఇళ్ల మధ్యకు తీసుకెళ్తుంది. డల్హౌసీ క్యాజిల్ అని పూర్తిగా కొట్టాలి. పెద్ద రోడ్డు దాటేటప్పుడు కార్లు వేగంగా వస్తాయి. కాలిబాట లేనిచోట కుడివైపున, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా నడవాలి.

సౌత్ ఎస్క్ నది ఒడ్డున ఎర్రటి ఇసుకరాతి కోట. డల్హౌసీ వంశస్థులైన రామ్సేలు ఇక్కడికి వచ్చింది పన్నెండో శతాబ్దంలో. ఇప్పుడు కనిపించే గోడలు ఎక్కువగా పదిహేనో శతాబ్దానివి. 1400లో ఇంగ్లండు రాజు నాలుగో హెన్రీ ముట్టడి వేస్తే సర్ అలెగ్జాండర్ రామ్సే లొంగలేదు. అంతకు ముందు ఇంకో అలెగ్జాండర్ రామ్సేని 1342లో విలియం డగ్లస్ అనే ప్రత్యర్థి హెర్మిటేజ్ కోటలో తిండి పెట్టకుండా చంపాడు. ఈ వంశంలో మగవాళ్లు తరతరాలుగా సైనికులే. మన డల్హౌసీ మాత్రం కలం పట్టాడు.

ఇప్పుడిది హోటలు. అందువల్ల లోపలికి వెళ్లడం సులువు, చరిత్ర వెతుక్కోవడం కష్టం. సింహద్వారం పైన, ఎత్తుడు వంతెన దూలాలు కూర్చునే నిలువు గాడులు ఇంకా ఉన్నాయి, తలెత్తి చూడకపోతే కనబడవు. గుండ్రటి బురుజు, కింద రాతి కమానుల భోజనశాల, సీసా ఆకారంలో ఖైదీలను తాడుతో దించిన చీకటి కొట్టు చూడదగ్గవి. వారాంతాల్లో పెళ్లిళ్లు జరుగుతాయి, అప్పుడు బయటివాళ్లను లాంజ్ దాటనివ్వరు. మంగళ, బుధవారాలు మేలు. మధ్యాహ్నం టీ అంటే మూడంతస్తుల పళ్లెంలో శాండ్‌విచ్‌లు, స్కోన్లు, కేకులు. మనిషికి ముప్పై పౌండ్ల పైమాటే, ముందుగా చెప్పాలి.

జేమ్స్ ఆండ్రూ బ్రౌన్ రామ్సే 1812 ఏప్రిల్ 22న పుట్టింది ఈ కోటలో. మూడో కొడుకు. అన్నలిద్దరూ పెళ్లి కాకుండానే పోవడంతో వారసత్వం ఆయనకు వచ్చింది. హారో, ఆక్స్‌ఫర్డ్ చదువు. 1837లో హాడింగ్టన్ జిల్లా నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. మరుసటి ఏడు తండ్రి పోవడంతో పదో ఎర్ల్‌గా ప్రభువుల సభకు మారాడు. 1845లో వాణిజ్య మండలి అధ్యక్షుడు. అప్పుడు ఇంగ్లండులో ఎక్కడ చూసినా రైలు కంపెనీలే. వందల ప్రతిపాదనల్లో ఏది పనికొస్తుందో ఏది కాదో తేల్చే పని ఆయన బల్ల మీదే పడింది. 1853 ఏప్రిల్‌లో మన దేశపు రైలు మార్గాల మీద ఆయన రాసిన నివేదిక వెనక ఉన్నది ఈ అనుభవమే. రాత్రికి రాత్రి పుట్టిన ఆలోచన కాదది.

కోట నుంచి పాత కాక్‌పెన్ చర్చి నడక దూరంలోనే. పైకప్పు లేని గోడలు, చుట్టూ సమాధులు. ఇటు వచ్చేవాళ్లు చేసే పొరపాటు ఒకటే. కాక్‌పెన్ చర్చి ఎక్కడని అడిగితే జనం బోనీరిగ్ వైపు కొండ మీదున్న కొత్త చర్చి చూపిస్తారు. అది 1820 నాటికి పూర్తయింది, గోపురం దూరానికి కనబడుతుంది. "పాత శ్మశానం" అని అడగాలి. గడ్డి మోకాలెత్తు ఉంటుంది, దురదగొండి లాంటి నెటిల్ మొక్కలుంటాయి. పొడుగు ప్యాంటు వేసుకోవాలి. తిరిగి వచ్చాక కాళ్లకు పిడుదులు పట్టాయేమో చూసుకోవాలి.

డల్హౌసీ సమాధి ఇక్కడే, వంశస్థుల మధ్య. చచ్చిపోయేనాటికి ఆయనకు ఇద్దరు కూతుళ్లే. కొడుకులు లేరు. పంజాబును కలిపేసినందుకు 1849లో వచ్చిన మార్క్వెస్ బిరుదు ఆయనతోనే పోయింది. ఎర్ల్ పదవి, ఈ కోట దాయాదికి వెళ్లాయి. సతారా, ఝాన్సీ, నాగపూర్‌లకు ఆ దారి దొరకలేదు. మన ధర్మశాస్త్రం దత్తపుత్రుడిని కొడుకే అంటుంది. ఆ కొడుకును కలకత్తా ఒప్పుకోలేదు. రామ్సేల ఎర్ల్ పదవి మాత్రం పినతండ్రి బిడ్డల వరుసలో ఎంత దూరం వెళ్లినా మగవాడు దొరికితే చాలు, నిలిచింది. ఒక వంశం వారసత్వాన్ని ఏ చట్టంతో కొలవాలన్నది ఎవరి చేతిలో ఉందో అన్న తేడా తప్ప, నాగపూర్ భోంస్లేలకూ కాక్‌పెన్ రామ్సేలకూ మధ్య న్యాయంలో తేడా ఏమీ లేదు.

బుధవారం: ఇన్వర్‌లీత్ బొటానిక్ గార్డెన్

ఎడిన్‌బరోలోనే. తోట ప్రవేశం ఉచితం. డల్హౌసీ తల్లి క్రిస్టియన్ బ్రౌన్ కోసం ఇక్కడికి రావాలి. కోల్‌స్టన్ ఎస్టేటు బ్రౌన్‌ల వంశానికి ఏకైక వారసురాలు. భర్త నోవా స్కోషియాలో, ఆ తర్వాత కెనడా గవర్నరుగా ఉన్నప్పుడు అక్కడి అడవి మొక్కలు సేకరించింది. 1829 తర్వాత భర్త సేనాధిపతిగా మన దేశం వస్తే సిమ్లా కొండల్లో సేకరించింది. ఊరికే పూలు ఏరి పుస్తకంలో పెట్టుకోవడం కాదు. ప్రతి మొక్కకూ వేరు, ఆకు, పువ్వు ఉండేలా తీసి, నొక్కి, దొరికిన చోటు రాసి పెట్టింది. ఆమె పంపిన కెనడా మొక్కలను వృక్షశాస్త్రవేత్త విలియం హుకర్ తన గ్రంథంలో వాడుకున్నాడు. చిక్కుడు కుటుంబానికి చెందిన ఒక మొక్కల ప్రజాతికి డల్హౌసియా అని పేరుపెట్టింది ఆమె గౌరవార్థమే, కొడుకు గౌరవార్థం కాదు. ఆ మొక్క మన ఈశాన్య రాష్ట్రాల్లో పెరుగుతుంది. ఈ కుటుంబంలో ప్రపంచానికి ఎవరినీ ఏడిపించకుండా ఏదైనా ఇచ్చిన మనిషి ఎవరని అడిగితే మా జవాబు ఈమే.

ఎండిన మొక్కల భాండాగారం సందర్శకులకు తెరిచి ఉండదు. పరిశోధన పని ఉంటే ముందుగా రాయాలి. స్కాన్ చేసిన నమూనాలు ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చూడవచ్చు.

గురువారం: హాడింగ్టన్, కోల్‌స్టన్

హాడింగ్టన్‌కు రైలు లేదు. ఎడిన్‌బరో నుంచి బస్సు, గంట లోపు. కార్డు తాకిస్తే చాలు. నాణేలు వేస్తే చిల్లర తిరిగి ఇవ్వని బస్సులు ఉన్నాయి, సరిపడా పట్టుకోవాలి. దిగేటప్పుడు పిల్లాపెద్దా అందరూ డ్రైవరుకు థ్యాంక్స్ చెప్పి దిగుతారు. చెప్పకపోతే ఎవరూ ఏమీ అనరు గాని, బస్సులో చెప్పనివాడు ఒక్కడే అవుతాడు.

టైన్ నది ఒడ్డున సెయింట్ మేరీ చర్చి, పాత నన్‌గేట్ వంతెన చూసుకుని, భోజనం ఇక్కడే చేయాలి. ముందుకు వెళ్తే రెండున్నర దాటాక వంటగదులు మూసేస్తారు. పప్పు సూపు ప్రతి కేఫ్‌లోనూ ఉంటుంది, అయిదారు పౌండ్లు, రొట్టెతో సహా. శాకాహారులు తొందరపడకూడదు. సంప్రదాయంగా దాన్ని పందికాలి ఎముక ఉడికించిన నీళ్లతో చేస్తారు. అడిగితే నిజం చెబుతారు, కూరగాయల నీళ్లతో చేసింది ఉంటే అదే ఇస్తారు. తీపి కావాలంటే టాబ్లెట్. పంచదార, వెన్న, గట్టిపాలు కలిపి పొడిపొడిగా విరిగేలా కాచింది, కొంచెం ఎక్కువ కాగిన పాలకోవాలా ఉంటుంది. చిన్న ముక్క చాలు.

కోల్‌స్టన్ ఊరికి రెండు మైళ్లు దక్షిణంగా ఉంది. ఇప్పటికీ నివాస గృహం. పెళ్లిళ్లు, వేడుకలకు ఇస్తారు గాని టికెట్ కొని చూసే కోట కాదు. గేటు దగ్గరి దారి నుంచి చెట్లు, పొలాలు చూడవచ్చు, ఇంటి ముంగిట్లోకి వెళ్లకూడదు. 2003 నాటి చట్టం ప్రకారం స్కాట్లండ్‌లో పొలాల గట్ల వెంట, అడవుల్లో ఎవరైనా నడవవచ్చు. కానీ ఇంటి చుట్టూ ఉన్న తోట, పెరడు ఆ హక్కు కిందికి రావు. ఈ తేడా తెలియక చాలామంది ఇబ్బందిపడతారు.

ఈ ఇంటికో పండు కథ ఉంది. పక్క జమీందారు, మంత్రగాడని పేరున్న హ్యూగో డి గిఫర్డ్, బ్రౌన్‌ల ఇంటికి కోడలుగా వెళ్తున్న కూతురికి దారిలో ఒక బేరిపండు కోసి ఇచ్చాడట. ఇది మీ ఇంట్లో చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం మీకు లోటుండదన్నాడట. పదిహేడో శతాబ్దం చివర ఒక కొత్తకోడలు ముచ్చటపడి కొరికిందని, ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే ఎస్టేటు చేతులు మారిందని, కొన్నవాడూ కొడుకులూ వరదలో పోయారని చెబుతారు. పంటిగాటు ఉన్న ఆ పండును వెండిపెట్టెలో ఇప్పటికీ భద్రంగా ఉంచారు. ఊళ్లో ఎవరిని కదిపినా ఈ కథ చెబుతారు. డల్హౌసీ పేరు చెబితే కెనడా విశ్వవిద్యాలయమా అంటారు. అది తండ్రి స్థాపించింది, 1818లో, హాలిఫాక్స్‌లో.

కోల్‌స్టన్ ఆస్తి తల్లి వైపుది కాబట్టి దాయాదికి పోలేదు. పెద్ద కూతురు సూజన్ జార్జియానాకు వచ్చింది. ఈమె జీవితం మనకు చాలా దగ్గర. తల్లి పోయాక తండ్రికి తోడుగా కలకత్తాలో ఉంది. 1863లో రాబర్ట్ బుర్క్‌ను చేసుకుంది. అండమాన్‌లో హత్యకు గురైన వైస్రాయి మేయోకు ఇతను తమ్ముడు. 1886లో మద్రాసు గవర్నరై, తర్వాత కన్నెమరా ప్రభువయ్యాడు. మద్రాసులో కన్నెమరా గ్రంథాలయానికి 1890 మార్చి 22న పునాదిరాయి వేసింది ఆయన హయాంలోనే. తెలుగు పాత పుస్తకాల కోసం మన పరిశోధకులు ఇప్పటికీ ఎగ్మూరుకు పరుగెత్తే గ్రంథాలయం అదే. ఆ ఏడాదే సూజన్ భర్త నడతను కోర్టుకెక్కించి విడాకులు తీసుకుంది. గవర్నరు పదవి వదిలి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె, మద్రాసులో వైద్యుడిగా పనిచేసిన బ్రిగ్స్‌ను చేసుకుని 1898లో చనిపోయింది. విక్టోరియా రాణి కాలంలో, గవర్నరు భార్య, యాభై దాటిన వయసులో తీసుకున్న నిర్ణయం ఇది. భర్త పేరు లైబ్రరీ మీద మిగిలింది, ఆమె ధైర్యం గురించి ఆ భవనంలో ఒక్క పలకైనా ఉంటే బాగుండేది.

చిన్న కూతురు ఎడిత్ 1859లో సర్ జేమ్స్ ఫెర్గుసన్‌ను చేసుకుంది. ఆయన దక్షిణ ఆస్ట్రేలియా గవర్నరుగా ఉండగా 1871లో అడిలైడ్‌లో పోయింది. ఫెర్గుసన్ తర్వాత బొంబాయి గవర్నరయ్యాడు, పుణె ఫెర్గుసన్ కళాశాల ఆయన పేరు మీదిదే. 1907లో జమైకా భూకంపంలో చనిపోయాడు. ఎడిత్ కూతురి ద్వారానే కోల్‌స్టన్ ముందుకు నడిచింది. డల్హౌసీ ఉత్తరాలు అచ్చువేయించింది ఆ మనవరాలి భర్తే.

శుక్రవారం: గిఫర్డ్, యెస్టర్

హాడింగ్టన్ నుంచి గిఫర్డ్‌కు నాలుగైదు మైళ్లు. బస్సులు గంటల తేడాతో వస్తాయి. తిరుగు బస్సు వేళ స్టాపులో అంటించిన కాగితం మీద ఉంటుంది, ముందుగానే దాన్ని ఫోటో తీసుకోవాలి. స్టాపులో నిలబడితే చాలదు, చెయ్యి ఎత్తాలి, లేకపోతే ఆగకుండా వెళ్తుంది. మేలో రెండువైపులా పచ్చని బార్లీ, పసుపు రేప్ పూల పొలాలు.

గిఫర్డ్ చిన్న ఊరు. 1710 నాటి తెల్లటి చర్చి, దాని ఎదుట నిమ్మచెట్లని పొరబడే లైమ్ చెట్ల బాట, దాని చివర యెస్టర్ ఎస్టేటు గేటు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన జాన్ విదర్‌స్పూన్ పుట్టింది ఈ ఊళ్లోనే.

యెస్టర్ ట్వీడేల్ మార్క్వెస్‌ల ఇల్లు. డల్హౌసీ అత్తారిల్లు. 1836 జనవరి 21న ఈ ఇంటి సూజన్‌తో పెళ్లయింది. ఇప్పుడు ప్రైవేటు ఆస్తి. ట్వీడేల్‌లు అమ్ముకున్నాక 1972 నుంచి సంగీతకారుడు జాన్ కార్లో మెనోట్టి చాలా ఏళ్లు ఇక్కడ ఉన్నాడు. ఇంటివైపు వెళ్లకుండా వాగు వెంట అడవిలో నడిస్తే పాత యెస్టర్ కోట శిథిలాలు వస్తాయి. దాని కింద గాబ్లిన్ హా అనే నేలమాళిగ. పదమూడో శతాబ్దంలో ఆ బేరిపండు హ్యూగోయే కట్టించాడు. వెళ్లి రావడానికి మూడు గంటలు పెట్టుకోవాలి. దారి తప్పేది వాగు రెండుగా చీలినట్టు కనిపించేచోట. కోట ఆ రెండు నీళ్ల మధ్య మిట్ట మీద ఉంది, కింద నుంచి చూస్తే చెట్లే. వంతెన దాటాక కిందికి దిగకుండా మిట్ట ఎక్కాలి. టార్చి, మడమ జారని బూట్లు కావాలి. భద్రత కోసం ద్వారం మూసి ఉండే అవకాశం ఉంది, మూసి ఉంటే ఎక్కి దూరే ప్రయత్నం చేయకూడదు. లోపల పైకప్పుకు రాతి పక్కటెముకలు ఏడు వందల యాభై ఏళ్లకు పైగా అలాగే నిలిచాయి.

ఇక మామగారు. జార్జ్ హే, ఎనిమిదో మార్క్వెస్. 1787లో పుట్టి 1876 దాకా బతికాడు, అల్లుడి కంటే పదహారేళ్లు ఎక్కువ చూశాడు. ఈయన పిచ్చి పొలం మీద. యెస్టర్ నేలలు బరువైన బంకమన్ను. నీళ్లు దిగక వేరు కుళ్లిపోతుంది. రెండున్నర మూడడుగుల లోతు కాలువలు తవ్వి, అడుగున కాల్చిన మట్టి గొట్టాలు వరసగా పేర్చి, మళ్లీ మట్టి కప్పేస్తే ఊటనీరు గొట్టాల సందుల్లోంచి లోపలికి చేరి వాగులోకి పోతుంది. చిక్కల్లా గొట్టాల ఖర్చుతోనే. చేత్తో ఒక్కొక్కటి చేస్తే ఎకరాకు ఎన్ని వేలు కావాలి? అందుకని ఈ పనికి వాడే మట్టి పెంకులు చేసే యంత్రాన్ని ఆయనే రూపొందించాడు. వాలు తప్పితే గొట్టంలో బురద పేరుకుంటుంది. చెట్ల దగ్గర వేస్తే వేళ్లు దూరి మూసేస్తాయి. పైభాగం గట్టిపడితే నీరు గొట్టం దాకా దిగదు, అందుకే లోతు దుక్కి కూడా వేయించాడు.

అలాంటి మనిషి 1842 సెప్టెంబరులో మద్రాసు గవర్నరు, సేనాధిపతి రెండూ తానే అయి వచ్చాడు. ఆయన హయాంలోనే 1844లో హెన్రీ మాంట్‌గోమరీ రాజమండ్రి జిల్లా దీనావస్థ మీద నివేదిక ఇచ్చాడు. ఆర్థర్ కాటన్ గోదావరి మీద సర్వే చేసి ఆనకట్ట కావాలని రాశాడు. 1847లో ధవళేశ్వరం పని మొదలైంది. ట్వీడేల్ దిగిపోయింది 1848 ఫిబ్రవరిలో. అల్లుడు అప్పటికి నెల ముందే, జనవరి 12న, కలకత్తాలో గవర్నర్ జనరల్ అయ్యాడు. ధవళేశ్వరం ఖ్యాతి కాటన్‌ది, అందులో వాటా అడిగే హక్కు ఎవరికీ లేదు. కానీ నేలా నీరూ అంటే ఏమిటో తెలిసిన జమీందారు ఆ సమయంలో కోట సెయింట్ జార్జ్‌లో ఉండటం కాటన్‌కు కలిసొచ్చిందనే మా నమ్మకం.

యెస్టర్ పిల్ల సూజన్ కథ ఇంకా చెప్పాలి. మన దేశపు వాతావరణం పడక ఆరోగ్యం పాడై 1853లో ఓడెక్కింది. మే 6న, ఇంగ్లండు తీరం దగ్గరపడుతుండగా ఓడలోనే పోయింది. ఆ కబురు కలకత్తా చేరడానికి నెల పైనే పట్టింది. ఈలోగా మే 21న హైదరాబాదులో నిజాం నాసిరుద్దౌలా చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. నిజాం ఖర్చు మీద కంపెనీ నడిపిన కంటింజెంట్ సైన్యం బాకీ కింద బేరార్, రాయచూరు, ఉస్మానాబాదు వైపు జిల్లాలు కంపెనీ చేతికి వెళ్లాయి. దివాను సిరాజుల్ ముల్క్ కొద్ది రోజుల్లోనే కన్నుమూశాడు. ఆయన అన్నదమ్ముల బిడ్డ, ఇరవై నాలుగేళ్ల సాలార్‌జంగ్, ఆ కుర్చీలో కూర్చున్నాడు. రాయచూరు, ఉస్మానాబాదు 1860లో తిరిగొచ్చాయి. బేరార్ రాలేదు. తెలంగాణ చరిత్రలో ఆ మే నెల ఎంత బరువైనదో, డల్హౌసీ ఇంట్లోనూ అంతే. అయితే ఇంటి దుఃఖం ఆయన పాలనకు సాకు కాదు. మూడేళ్ల తర్వాత, 1856 మార్చిలో, ఊతకర్రల మీద ఓడెక్కేదాకా ఆయన కలిపేసుకోవడం ఆపలేదు. అవధ్ పోయింది ఆ ఏడాదే.

గిఫర్డ్‌లో భోజనానికి గాబ్లిన్ హా పేరుతోనే హోటలు ఉంది. రాత్రి ఎనిమిదిన్నర లోపు ఆర్డరివ్వడం మంచిది. పొగబెట్టిన చేప, బంగాళాదుంప, పాలతో చేసే కలెన్ స్కింక్ సూపు ఎక్కడ దొరికినా వదలకూడదు.

శనివారం: బ్రీకిన్, ఎడ్జెల్

దాయాది ఇల్లు ఉత్తరాన, ఆంగస్ జిల్లాలో. ఎడిన్‌బరో నుంచి మాంట్రోజ్‌కు రైలు, అక్కడి నుంచి బ్రీకిన్‌కు బస్సు. పదకొండో ఎర్ల్ అయిన ఫాక్స్ మాల్, లార్డ్ పాన్‌మ్యూర్, క్రిమియా యుద్ధ కాలంలో యుద్ధ మంత్రి. తర్వాత ఈ కుటుంబం కేంద్రం డల్హౌసీ నుంచి బ్రీకిన్ కోటకు మారింది. కోట ప్రైవేటుది. ఊళ్లో చూడాల్సింది చర్చిని ఆనుకుని ఉన్న గుండ్రటి రాతి స్తంభగోపురం. ఇలాంటివి స్కాట్లండ్‌లో రెండే మిగిలాయి, రెండోది అబర్నెథీలో.

బేకరీలో ఫార్ఫర్ బ్రైడీ దొరుకుతుంది. పిండిపొరలో మాంసం కూరి కాలుస్తారు. పైన ఒక చిల్లుంటే ఉల్లి లేనిది, రెండుంటే ఉల్లి వేసింది. మూడు నాలుగు పౌండ్లు. లోపల ఉండేది గొడ్డుమాంసం, తిననివాళ్లు జున్ను, ఉల్లి పేస్ట్రీ అడగాలి.

ఎడ్జెల్ బ్రీకిన్‌కు ఆరు మైళ్లు. ఊరి మొదట్లో రోడ్డు మీదుగా రాతి తోరణం, డల్హౌసీ ఆర్చ్. మన డల్హౌసీ పేరుతో కట్టింది కాదు, చాలామంది అలాగే అనుకుంటారు. పదమూడో ఎర్ల్ జాన్ రామ్సే, ఆయన భార్య ఐడా 1887 నవంబరులో ఒక్క రోజు తేడాతో చనిపోతే, వాళ్ల జ్ఞాపకార్థం ఊరివాళ్లు కట్టుకున్నది. బండ్లు ఒక్కొక్కటిగా దాని కింద నుంచి వెళ్లాలి కాబట్టి ఫోటో కోసం రోడ్డు మధ్యలో నిలబడకూడదు. పక్కన కాలిబాట ఉంది, అక్కడి నుంచే బాగా వస్తుంది.

ఎడ్జెల్ నుంచి తిరుగు బస్సులు సాయంత్రం త్వరగా ఆగిపోతాయి, ఆదివారం ఇంకా తక్కువ. బ్రీకిన్‌కు తిరిగొచ్చే బస్సు, మాంట్రోజ్ బస్సు, ఎడిన్‌బరో రైలు మూడూ కలిసేలా వేళలు చూసుకుని, మధ్యాహ్నం మూడు గంటలకల్లా తోరణం దగ్గర నుంచి బయల్దేరాలి. బస్సు తప్పితే టాక్సీకి పాతిక పౌండ్లైనా అవుతుంది, అదీ ఫోన్ చేసి పిలిపించుకుంటేనే.